నీకేం ఇష్టమే?

పెళ్ళిచూపుల్లో అడిగే ప్రశ్నలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఏం చదివావమ్మా? వంట వచ్చా? పాట పాడతావా? ఉద్యోగం చేసే ఉద్దేశం ఉందా? కాలం మారింది కాబట్టి ఇప్పుడు 'ప్యాకేజీ ఎంత?' అన్నది కూడా ఆ లిస్టులో చేరింది. ఓ గంటసేపు కూర్చుని ఆడపిల్ల గురించి సమస్తం తెలుసుకుంటారు. ఒక్కటి మాత్రం అడగరు. 'నీకేం ఇష్టమమ్మా?' అని.

పెళ్ళయ్యాక ఇక అడగాల్సిన పనే ఉండదు. ఎవరికేం ఇష్టమో గుర్తుపెట్టుకోవడమే ఆమె ఉద్యోగం. మీకు తెలిసిన ఏ ఇల్లాలినైనా అడిగి చూడండి. 'మావారికి గుత్తొంకాయ ఉండాలి. పెద్దాడికి బంగాళాదుంప వేపుడు లేందే ముద్ద దిగదు. అమ్మాయికి కారం పడదు. మామగారికి పళ్ళు లేవు, అన్నీ మెత్తగా ఉండాలి' అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. 'మరి నీకు?' అనండి. ఒక్క క్షణం తడబడుతుంది. 'నాదేముందండీ, ఏదైనా ఒకటే' అని నవ్వేస్తుంది.

ఆ నవ్వుని మనం ఓర్పు అంటాం, త్యాగం అంటాం. సినిమాల్లో అయితే వెనకాల వీణ కూడా వాయిస్తారు. నాకు మాత్రం ఆ 'ఏదైనా ఒకటే' అన్న మాట వింటే భయం వేస్తుంది. పాతికేళ్ళు, ముప్పయ్యేళ్ళు ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు మనలో అలాగే ఉంటుందా? వాడని తాళానికి తుప్పు పట్టినట్టు, అడగని ఇష్టానికీ తుప్పు పడుతుంది.

ఈ తుప్పు పట్టకుండా నన్ను కాపాడింది ఒక స్నేహితురాలు. ఆమె గురించీ, మేమిద్దరం చెప్పుకునే చిన్నచిన్న ఇష్టాల గురించీ మీతో పంచుకోవాలనే ఈ వారం ఇది రాస్తున్నాను.

ఉత్తరాల్లో మొదలైన లిస్టు

ఆమెది వరంగల్లు, నాది బందరు. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మాదొకటే గది. నా గోదారి, కృష్ణా యాసని ఆమె ఎక్కిరించేది, 'గిదేందే' అని ఆమె అంటే నేను నవ్వేదాన్ని. చదువు అయీ అవకుండానే ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. 1980ల మాట. ఇంట్లో ఫోన్లు లేవు. ఉన్నదల్లా ఇన్‌లాండ్ కవరు. లేత నీలం రంగు కాగితం, మూడు మడతలు. చోటు చాలక మడతల మీదా, అంచుల వెంటా కాగితం తిప్పి తిప్పి రాసుకునేవాళ్ళం.

అయితే కొత్త కోడలికి వచ్చిన ఉత్తరం ఆమె చేతికి నేరుగా వచ్చే రోజులు కావవి. వీధి గదిలో ఎవరో ఒకరు చింపి, చదివి, 'నీ స్నేహితురాలు రాసిందమ్మా' అని ఇచ్చేవారు. మా ఇంట్లోనూ అంతే, వాళ్ళింట్లోనూ అంతే. అలాంటప్పుడు ఏం రాసుకుంటాం? అత్తగారు ఏమన్నదీ రాయలేం. రాత్రి ఎందుకు ఏడ్చామో రాయలేం. పుట్టింటికి ఎప్పుడు పంపుతారో తెలియడం లేదని అసలే రాయలేం.

అందుకని ఇష్టాలు రాసుకోవడం మొదలుపెట్టాం. 'మా పెరట్లో రాళ్ళ మీద పడే వానచప్పుడు ఇష్టం', 'కొత్త చీపురు వాసన ఇష్టం', 'మధ్యాహ్నం అందరూ పడుకున్నాక తాగే అరగ్లాసు టీ ఇష్టం'. ఎవరు చింపి చదివినా తప్పుపట్టడానికి అందులో ఏముంది? 'పిచ్చి పిల్లలు' అనుకుని ఊరుకునేవారు.

కానీ మాకు తెలిసేది. లిస్టు పొడుగ్గా ఉందంటే అక్కడ అంతా బాగానే ఉందన్నమాట. రెండే ఉన్నాయంటే ఏదో జరిగింది. 'ఈమధ్య ఏదీ తోచడం లేదే' అని రాసిందంటే, ఏదో వంక పెట్టుకుని బస్సెక్కి వెళ్ళి చూడాలి. అలా రెండుసార్లు ఆమె వచ్చింది, ఒకసారి నేను వెళ్ళాను. వెళ్ళి ఏమీ అడగలేదు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను, అంతే. అది చాలింది.

ఇప్పుడు ఉత్తరాల స్థానంలో ఫోన్లొచ్చాయి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మాట్లాడుకుంటాం. మోకాళ్ళ నొప్పులు, షుగరు మాత్రలు, పిల్లల వీసాలు అన్నీ అయ్యాక చివర్లో చెరో ఇష్టం చెప్పుకోవాలి. దానికి రెండు షరతులున్నాయి. ఒకటి, అది కొత్తగా కొన్న వస్తువు కాకూడదు, రోజూ చేతికి తగిలేదై ఉండాలి. రెండు, ఎందుకిష్టమో చెప్పాలి. ఉత్తినే 'బాగుంటుంది' అంటే ఒప్పుకోం.

'ఎందుకు' అన్నదాంట్లోనే ఉంది

ఈ రెండో షరతు వల్ల మేం నేర్చుకున్నవి అన్నీ ఇన్నీ కావు. ఉదాహరణకి మా అమ్మ ఇచ్చిన ఇనుప పెనం. 'దాని మీద అట్టు అలా లేచొచ్చేస్తుందే, అందుకిష్టం' అన్నాను. 'ఎందుకు లేస్తది?' అంది ఆమె. ఆలోచిస్తే తెలిసింది. పెనం కాలిన ప్రతిసారీ పలచగా రాసిన నూనె ఇనుముకి అతుక్కుని, గట్టిపడి నల్లటి పూతలా తయారవుతుంది. ఏళ్ళ తరబడి పొర మీద పొర. కొత్త పెనం మీద మొదటి అట్టు అంటుకుపోయేది ఆ పొర లేకే. సబ్బుపొడి వేసి పీచుతో రుద్దామంటే ఆ పొర కాస్తా పోతుంది. అందుకే అమ్మ ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి, గుడ్డతో తుడిచి పెట్టేసేది. అంటే నా పెనం మీద ఉన్నది ఉత్త మసి కాదు, మా అమ్మ పోసిన అట్లన్నీ!

ఆమెకి రోలంటే ప్రాణం. 'మిక్సీ కోస్తది, రోలు నలుగగొడ్తది. పచ్చిమిరపకాయ తొక్కు రోట్లె నూరితేనే తొక్కు' అంటుంది. నిజమే కదా! బ్లేడు గిర్రున తిరిగి అన్నిటినీ సమానంగా తరిగేస్తుంది, పైగా వేడెక్కుతుంది. పచ్చడిబండ కింద అయితే ఒక పలుకు మెత్తగా, ఒక పలుకు కచ్చాపచ్చాగా నలుగుతుంది. నోట్లో ఒక్కో ముద్దా ఒక్కోలా ఉంటుంది. సర్వపిండి గురించి చెప్పాల్సి వస్తే ఆమెకి ఆదివారం చాలదు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కరివేపాకు కలిపి, గుండు లోపల చేత్తో ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి నూనె పోసి, మూత పెట్టి సన్న సెగ మీద ఉంచాలట. 'అడుగున ఎర్రగ కాలిన పొర ఉంటది చూడు, గది నాది. పోరగాండ్లకు కూడ ఇయ్య' అంటుంది. అదిగో, ఇన్నేళ్ళ సంసారంలో తనకోసం అట్టేపెట్టుకున్న ఒకే ఒక్క ముక్క!

నాకు జాడీ ఇష్టం. నడుం దాకా తెలుపు, పైన తేనెరంగు. ఆవకాయకి జాడీయే ఎందుకు? మట్టిని కాల్చి పైన గాజులాంటి పూత పూస్తారు. ఉప్పూ పులుపూ దాన్ని ఏమీ చేయలేవు. అదే ఇత్తడిలోనో అల్యూమినియంలోనో పెడితే ఆ పులుపు లోహాన్ని తినేస్తుంది, చిలుమెక్కుతుంది. మూడోనాడు తిరగగలిపి, నూనె పైకి తేలిందో లేదో చూసి, తెల్లటి గుడ్డతో వాసెన కడితే ఇక ఏడాదంతా బెంగ లేదు. వాసెన కట్టేటప్పుడు ఆ ముడి బిగించే క్షణం ఉందే, అది నాకిష్టం. ఎంత సంసారం ఈదినా చేతిలో పని పూర్తయిందనిపించే క్షణాలు ఇల్లాలికి ఎన్ని ఉంటాయి? తోమిన గిన్నె సాయంత్రానికి మళ్ళీ సింకులోకి వస్తుంది. ఊడ్చిన ఇల్లు మర్నాటికి మళ్ళీ దుమ్ము. వాసెన కట్టిన జాడీ ఒక్కటే 'అయిపోయింది' అనిపిస్తుంది.

ఆమెకి రేడియో. నాకూ రేడియోయే. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. అంటే మా అమ్మ ఆవకాయ కలుపుతూ విన్నదీ, నేను బియ్యం ఏరుతూ విన్నదీ ఆ గొంతుల్నే. ఆడవాళ్ళకి రేడియో ఎందుకంత దగ్గరయిందో ఇద్దరం తర్కించుకున్నాం. పుస్తకానికి చేతులు కావాలి. టీవీకి కళ్ళు కావాలి. రేడియోకి చెవులు చాలు. చేతులు ఇంటివైనా చెవులు మనవేగా! ఆదివారం మధ్యాహ్నం నాటకం వింటూ ఎంతమంది పప్పు మాడబెట్టారో లెక్క తీస్తే తెలుస్తుంది, ఆ చెవుల స్వేచ్ఛ విలువ.

ఇంకా బొంత. పాత వాయిల్ చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా గుండుకుట్టు వేసిన బొంత. ఎన్నో ఉతుకులకి గానీ ఆ మెత్తదనం రాదు. దాని మీద వేలు పెట్టి 'ఇది మా నాయనమ్మది, ఇది అత్తయ్య శ్రీమంతంలో కట్టింది' అని చెప్పగలం. వారపత్రికల్లోంచి చింపి, దారంతో కుట్టి, అట్ట వేసుకున్న సీరియళ్ళు కూడా మా లిస్టులో ఉన్నాయి. యద్దనపూడి సులోచనారాణి గారి నవలల కోసం హాస్టల్లో మేం నంబర్లు వేసుకుని వంతులు కాచిన రోజులు గుర్తొస్తే ఈ వయసులో కూడా నవ్వొస్తుంది.

ఇష్టం వేరు, కొనడం వేరు

ఇదంతా చదివి 'మీకేమమ్మా, తీరిక ఉంది, ముచ్చట్లు చెప్పుకుంటారు' అని కొందరు చెల్లెళ్ళు అనొచ్చు. పొద్దున అయిదింటికి లేచి క్యారేజీలు కట్టి, బస్సు పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తేవాళ్ళకి పెనం గురించీ జాడీ గురించీ ఆలోచించే టైమెక్కడిది? న్యాయమైన మాటే. కానీ ఒక్క సంగతి గమనించండి. మనకి ఇష్టాల గురించి ఆలోచించే టైము లేకపోయినా, మన ఇష్టాల గురించి రాత్రింబవళ్ళు ఆలోచించేవాళ్ళున్నారు. ప్రకటనలు తయారుచేసేవాళ్ళు. ఈ పండక్కి మనకి ఏ చీర ఇష్టమో, ఏ గిన్నెల సెట్టు లేక మన బతుకు వెలితిగా ఉందో వాళ్ళు చెబుతారు. ఒకప్పుడు టీవీలో సీరియల్ మధ్యలో చెప్పేవారు, ఇప్పుడు చేతిలో ఫోనులోనే చెబుతున్నారు.

మన ఇష్టం మనకి తెలియకపోతే ఎవరో చెప్పింది మన ఇష్టం అయిపోతుంది. బీరువా నిండా చీరలుండి, 'కట్టుకోడానికేం లేవు' అనుకోవడం అందుకే. నాకు తెలిసినంతలో ఇష్టాలు తెలిసిన మనిషి తక్కువ కొంటుంది. కొన్నదాన్ని ఎక్కువకాలం వాడుతుంది.

ఇంకో మాట. 'ఎందుకిష్టం?' అని అడుగుతూ పోతే ఆ దారి చివర ఎవరో ఒకరి చేతులు కనిపిస్తాయి. చిన్నప్పుడు మనందరం ఆడుకున్న లక్కపిడతలు గుర్తున్నాయా? అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరుంది. అక్కడ మెత్తటి అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ రంగు లక్కని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆ నున్నదనం మన చిన్నప్పటి అరచేతులకి ఇంకా గుర్తే. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని ఇవాళ్టికీ వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ చిన్న పళ్ళ వరుస ఏ యంత్రం చేయలేనంత సున్నితంగా గింజ దగ్గరి నలుసుని తీసేస్తుంది. దువ్వేదీ, వడికేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ పనికి పెట్టే పొద్దుతో పోలిస్తే చేతికొచ్చే డబ్బు తక్కువ. అందుకే ఆ ఇళ్ళల్లో ఈ తరం పిల్లలు రాట్నం దగ్గర కూర్చోవడం లేదు. వరంగల్లు కొత్తవాడలో నేసే జంపఖానాల సంగతి నా స్నేహితురాలు చెబుతుంది. వాళ్ళింట్లో పెళ్ళికి పరిచిన జంపఖానా మీద ఇప్పుడు మనవరాలు పాకుతోందట.

మన ఇష్టం ఒక చీరని గుర్తిస్తే ఎక్కడో ఒక మగ్గం ఆడుతుంది. మనం 'ఏదైనా ఒకటే' అంటే ఆ మగ్గం ఆగుతుంది. ఏదైనా ఒకటే అనుకునేవాళ్ళకి మిల్లు గుడ్డ చాలుగా! ఆడవాళ్ళ ఇష్టాలు ఇంట్లో ముచ్చట మాత్రమే కావు. ఎవరి పొయ్యి వెలగాలో కూడా అవి నిర్ణయిస్తాయి.

లిస్టులోంచి పోయిన పేరు

ఇక అసలు సంగతికి వస్తాను. నాలుగేళ్ళ కిందట నా స్నేహితురాలి భర్త పోయాడు. మంచి మనిషి. ఆమె రాసిన లిస్టుల్లో ఆయన దగ్గు, ఆయన సైకిల్ బెల్లు కూడా ఉండేవి. ఆ తర్వాత కొన్ని నెలలు మా ఆదివారాల్లో ఇష్టాల మాట లేదు. నేనూ కదపలేదు. మెల్లగా, ఆమే మొదలుపెట్టింది. రేడియో వచ్చింది, రోలు వచ్చింది, సర్వపిండి వచ్చింది.

ఒకటి మాత్రం రాలేదు. పూలు.

హాస్టల్లో మా గదిలో పూలపిచ్చి ఆమెదే. నాలుగు రూకలు చేతిలో ఉంటే మూర మల్లెలు కొనేది. కనకాంబరాలు, మధ్యలో మరువం వేసి అరటినారతో కట్టడం నాకు నేర్పింది ఆమే. ఇన్‌లాండ్ కవరులో ఎండిన సన్నజాజి పెట్టి పంపేది. అది చేరేసరికి కాగితం మీద ఒక గోధుమరంగు మరక మిగిలేది. అలాంటి మనిషి లిస్టులో పూలు లేవు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. 'మల్లెలు వచ్చాయా మీ ఊళ్ళో?' అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, 'వచ్చినయే. గల్లీల అమ్ముకుంట పోతాంది. నన్ను చూసి బుట్ట దించుతలేదు.'

పూలమ్మి తప్పు కాదది. ఆమెకి నేర్పిన లోకం తీరు అది. పదో రోజున తీసేయించినవాళ్ళూ కొత్తవాళ్ళు కాదు, ప్రేమగా చూసే వదినలూ ఆడపడుచులే. 'మేం కావాలని చేస్తున్నామా, ఆచారం' అన్నారు.

ఒక్కసారి నిదానంగా ఆలోచిద్దాం. పూలు పెళ్ళితో వచ్చాయా? ఏడాది నిండని పిల్లకి బొట్టు పెడతాం. అయిదేళ్ళ పిల్లకి వేసవిలో పూలజడ వేసి ఫొటో తీయిస్తాం. మట్టిగాజులు గలగలలాడిస్తూ బడికి పోతుంది. అప్పటికి ఆ పిల్లకి మొగుడెవడో కూడా తెలియదు! పుట్టింట్లో వచ్చిన ఇష్టం, ఎప్పుడో మధ్యలో వచ్చిన మనిషి వెళ్ళిపోతే, ఆయనతోపాటు ఎందుకు వెళ్ళాలి? ఆయన తెచ్చినవి కావు కదా, తీసుకుపోవడానికి?

వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. నూట నలభయ్యేళ్ళు దాటాయి. పెళ్ళికి చట్టం ఉంది, మూర మల్లెలకి మాత్రం ఇంకా ఊరి అనుమతి కావాలి! మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లాలోని హెర్వాడ్ అనే గ్రామ పంచాయతీ 2022 మేలో ఒక తీర్మానం చేసింది. భర్త పోయిన స్త్రీ బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, మంగళసూత్రం తీయించడం మా ఊళ్ళో ఉండవు అని. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం మిగతా ఊళ్ళనీ అదే బాట పట్టమంది. ఒక చిన్న పల్లె చేయగలిగింది మన వీధి చేయలేదా? మన ఇల్లు చేయలేదా?

నా స్నేహితురాలి కథ ఇంకా కొంచెం ఉంది. పోయిన వేసవిలో ఒక ఆదివారం ఫోను చేసి, నేను ఏమీ అడగకముందే, 'ఇయ్యాల్టిది రాసుకో. మల్లెపూలు' అంది. 'ఎందుకిష్టం?' అన్నాను, షరతు ప్రకారం. 'ఎందుకేందే? అవి నావి గాబట్టి' అంది. కోడలు తెచ్చిందట. 'అత్తమ్మా, మీకు పూలిష్టమని ఆంటీ అన్నరు గదా, కూసోండ్రి పెడ్త' అందట. అదేమీ పెద్ద ఉద్యమం కాదు. ఎవరూ జెండా పట్టుకోలేదు. ఒక ఇంట్లో ఒక కోడలికి అత్తగారి ఇష్టమేమిటో తెలిసింది, అంతే. తెలియకపోయి ఉంటే ఆచారమే మిగిలేది.

వీధిలో ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారట. 'తిప్పుకోనీ, మెడనొప్పి వాళ్ళకే' అని నవ్వింది నా స్నేహితురాలు. ఆ నవ్వు 'ఏదైనా ఒకటే' అని నవ్వే నవ్వు కాదు.

పేరు గుర్తుచేసే మనిషి

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మీలో చాలామంది చదివే ఉంటారు. ఇల్లు అలికి ముగ్గులు పెడుతూ పెడుతూ ఒక ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. ఇంట్లో ఎవర్నడిగినా వాళ్ళు పిలిచే వరస చెబుతారు కానీ పేరు చెప్పరు. చివరికి ఆ పేరు ఎవరి దగ్గర దొరుకుతుంది? చిన్ననాటి స్నేహితురాలి దగ్గర. పేరొక్కటే కాదు, ఆమె బొమ్మలు వేసేదనీ, పాటలు పాడేదనీ కూడా ఆ స్నేహితురాలికే గుర్తుంది. చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది, ఆడవాళ్ళకి స్నేహితురాలు ఎందుకు కావాలో ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదని.

మగవాళ్ళ స్నేహాలు పెళ్ళితో తెగిపోవు. సాయంత్రం అరుగు మీదో, టీకొట్టు దగ్గరో కొనసాగుతాయి. మన స్నేహాలు మాత్రం అప్పగింతల రోజునే సగం తెగుతాయి. ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది. 'ఇంకా ఆ స్నేహాలేమిటి, చిన్నపిల్లలా' అనే మాట వస్తుంది. ఇంట్లోవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా వాళ్ళకి మనం ఎవరో ఒకరికి ఏదో ఒకటి అయిన తర్వాతే తెలుసు. భార్య కాకముందు, తల్లి కాకముందు, ఉత్త మనిషిగా ఉన్నప్పటి మనం స్నేహితురాలి దగ్గరే భద్రంగా ఉంటాం. ఆ మనిషిని పోగొట్టుకోకండి. పాత పుస్తకంలో నంబరు ఉంటే వెతకండి. లేకపోతే ఊరు పేరు పట్టుకుని అయినా వెతకండి. ఇప్పుడు వెతకడం మన రోజుల్లో ఉన్నంత కష్టం కాదు.

అలాగే ఇంకో చిన్న పని. ఈ వారం మీ అమ్మగారినో, అత్తగారినో, మీ ఇంట్లో పనిచేసే ఆవిడనో ఒక్క ప్రశ్న అడగండి. 'నీకేం ఇష్టం?' అని. 'నాదేముందిలే' అంటారు. వదలొద్దు. 'ఎందుకిష్టం?' అని కూడా అడగండి. మొదటి జవాబు రావడానికి కాస్త టైము పడుతుంది. ఎన్నాళ్ళుగానో తెరవని పెట్టె మూత కదా!

మీ ఇంట్లో మగపిల్లలుంటే వాళ్ళ చేత కూడా అడిగించండి. అమ్మకి ఏం ఇష్టమో తెలిసిన కొడుకు రేపు భార్యని అడగగలడు. ఆడపిల్లలకైతే అడిగే అలవాటుతో పాటు చెప్పే అలవాటూ నేర్పండి. పెళ్ళిచూపుల్లో ఎవరూ అడక్కపోయినా, 'నాకిది ఇష్టమండీ' అని తనంతట తానే చెప్పగల పిల్ల ఆ తర్వాత 'నాకిది ఇష్టం లేదు' అని కూడా చెప్పగలదు. రెండూ ఒకే గొంతులోంచి వచ్చే మాటలు. మొదటిది రాని గొంతుకి రెండోది అసలే రాదు.

మీకేం ఇష్టం? ఏ పెద్ద వస్తువూ వద్దు. రోజూ మీ చేతికి తగిలేది, మీ ముక్కుకి వాసన వచ్చేది, మీ చెవిన పడేది. ఒక్కటి చెప్పండి చాలు. ఎందుకిష్టమో కూడా చెప్పండి. ముందు మీకు మీరే చెప్పుకోండి, ఆ తర్వాత మీ స్నేహితురాలికి.